పెద్ద గుంపులో మాట, చిన్న గుంపులో మాట

మనిషి ఎక్కడ మంచిగా ఉంటాడు? వెయ్యి మంది ఉన్న చోటనా, పది మంది ఉన్న చోటనా? ఈ ప్రశ్న చాలా పాతదే. కానీ అందరి చేతుల్లోకి ఫోన్ వచ్చాక దీన్ని మళ్ళీ అడగాల్సి వస్తోంది. నా జీవితంలో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల నేను దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

మాది యాపలదిన్ని, రాయచూరు తాలూకా. మా ఊరి పేరులోనే యాప చెట్టు ఉంది, దిన్నె ఉంది. మేము ఉండేది కర్ణాటకలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. బస్సు మీద బోర్డు కన్నడలో చదువుకుంటాం, బడిలో పాఠం తెలుగులో చదువుకుంటాం. చిన్నప్పటి నుంచి నేను రెండు రకాల గుంపులు చూస్తూ పెరిగాను. ఒకటి అంగడి. నాయినతో అంగడికి పోతే అక్కడ ఎవరు ఎవరో తెలీదు. గట్టిగా అరిచేవాని సరుకు ముందు అమ్ముడుపోతది. రెండోది చెట్టు కింద కట్ట. అక్కడ రోజూ కూర్చునేది ఆరేడు మందే. ఒకరు అబద్ధం చెబితే రెండోవాడు వెంటనే "నిన్న ఇట్ల చెప్పలేదు కదా" అంటాడు.

సామాజిక మాధ్యమాల్లో కూడా ఈ రెండు రకాలు ఉన్నాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అంగడి లాంటివి. అక్కడ అన్నీ ఉంటాయి. వంట, రాజకీయం, సినిమా, దేవుడు, తిట్లు, అన్నీ ఒకే చోట. ఇంకో రకం ఒకే పని కోసం, ఒకే ఇష్టం కోసం కలిసేవాళ్ళవి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో ఈబర్డ్ అనేది మొదలుపెట్టారు. అక్కడ ఏ పక్షిని ఎక్కడ, ఎప్పుడు చూశామో రాస్తారు, అంతే. 2007లో మొదలైన రావెల్రీలో ఉన్ని అల్లేవాళ్ళు తమ అల్లికల గురించి మాట్లాడుకుంటారు. అదే సంవత్సరం వచ్చిన గుడ్‌రీడ్స్‌లో పుస్తకాలు చదివేవాళ్ళు కలుస్తారు. మన దగ్గర బెంగళూరులో 2014లో పుట్టిన ప్రతిలిపి ఉంది. అందులో తెలుగు, కన్నడ ఇంకా ఎన్నో భారతీయ భాషల కథలు రాస్తారు, చదువుతారు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మామూలు సోషల్ మీడియా కాదు, కానీ అక్కడ కూడా జనం ఒకే పని కోసం కలుస్తారు. వాళ్ళు చర్చించుకునే పేజీకి "రచ్చబండ" అని పేరు పెట్టుకున్నారు. కన్నడ వికీపీడియాలో అట్లాంటి పేజీ పేరు "అరళి కట్టె", అంటే రావి చెట్టు కట్ట. నాకు రెండు భాషలూ వచ్చు కాబట్టి ఈ రెండు పేర్లు చూసి చాలా సంతోషమైంది. రెండు భాషల వాళ్ళకూ ఒకటే చెట్టు నీడ గుర్తొచ్చింది కదా!

ఇంక నా సంగతి చెబుతాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా చిన్నాయన కొడుకు రాయచూరు నుంచి వచ్చాడు. ఒక సాయంత్రం మా అవ్వ జొన్న రొట్టెలు చేస్తూ నన్ను పిలిచింది. "బేగ రారా, ఊట చల్లారిపోతది. సాలె లేదని ఊరంతా తిరుగుతుండవా?" అంది. ఊట అంటే అన్నం, సాలె అంటే బడి. మేము రోజూ వినే మాటలే. కానీ మావాడు పడీపడీ నవ్వాడు. "భలే ఉంది, మల్లొకసారి అనిపియ్" అన్నాడు. నేను అవ్వతో మళ్ళీ అనిపించి వీడియో తీశాను. పెట్టింది వాని ఖాతాలోనే, కానీ తీసింది నేను. వెనక నవ్వొచ్చే మ్యూజిక్ కలిపింది కూడా నేనే. అవ్వను అడగలేదు. అడగాలని నాకు తోచనే లేదు.

రెండు రోజుల్లో దాన్ని ఇరవై వేల మంది చూశారు. మేము ఎగిరి గంతులేశాం. తర్వాత కామెంట్లు చదివాను. "ఇదేం భాష?" అని ఒకరు. "తెలుగును చంపుతున్నారు" అని ఇంకొకరు. "సగం కన్నడ, సగం తెలుగు, మొత్తం కామెడీ" అని మరొకరు. అవ్వ పళ్ళ గురించి కూడా ఒకరు రాశారు. అవ్వకు చదువు రాదు కాబట్టి ఆమెకు తెలీదులే అనుకున్నాను. కానీ పక్కింటి పిల్లవాడు నవ్వుతూ అన్నీ చదివి వినిపించాడు. అవ్వ వాన్ని ఏమీ అనలేదు. నా దిక్కు చూసి, "ఏమ్రా, నేను మాట్లాడేది అంత తప్పుగుంటదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నుంచి నా చేతిలో ఫోన్ ఉంటే అవ్వ మాట్లాడదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోతుంది. డెబ్బై ఏండ్లు మాట్లాడిన మాటను మా అవ్వ నా వల్ల దాచుకోవాల్సి వచ్చింది.

గద్వాలలో డిగ్రీ చదివే మా అక్కకు ఈ సంగతి చెప్పాను. అక్క ఒక చిన్న గ్రూపులో ఉంది. అందులో నలభై మంది దాకా ఉంటారు. ఊర్ల మాటలు, సామెతలు, పొడుపు కథలు పోగుచేయడం వాళ్ళ పని. రిటైరైన సార్లు ఉన్నారు, కాలేజీ పిల్లలు ఉన్నారు, ఒక లారీ డ్రైవర్ కూడా ఉన్నాడు. అక్క అందులో మా అవ్వ మాటలు రాసింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. మొదట ఒక పెద్ద సార్ అడిగిన ప్రశ్న ఇది: "ఈ మాటలు ఎవరివి, ఏ ఊరివి? ఇక్కడ రాయడానికి ఆమె ఒప్పుకున్నారా?"

ఇరవై వేల మందిలో ఒక్కరూ అడగని ప్రశ్న నలభై మందిలో మొదటి మనిషి అడిగాడు.

తర్వాత శ్రీకాకుళం దిక్కు నుంచి ఒక అక్క రాసింది. "మా అమ్మమ్మ కూడా తొందరగా రమ్మనడానికి బేగి రా అంటుంది" అని. ఎక్కడి రాయచూరు, ఎక్కడి శ్రీకాకుళం! మా అవ్వది కన్నడ మాట అని నవ్వారు కదా, ఆ మాటకు చుట్టం అంత దూరంలో ఉంది. ఇది కన్నడ నుంచి వచ్చిందా, రెండు భాషలదీనా అని వాళ్ళు రాత్రి దాకా మాట్లాడుకున్నారు. అక్క నాకు అన్నీ చూపించింది.

అదే అవ్వ, అవే మాటలు. ఒక చోట అవమానం, ఒక చోట గౌరవం. ఎందుకిట్లా?

పెద్ద చోట చెడ్డవాళ్ళు ఉంటారు, చిన్న చోట మంచివాళ్ళు ఉంటారు అని నేను మొదట అనుకున్నాను. కానీ అది తప్పు. ఎందుకంటే ఇట్లాంటి రీల్స్ చూసి నేను కూడా ఎన్నోసార్లు నవ్వాను. ఆ గ్రూపులో ఉన్న నలభై మందికీ పెద్ద చోట కూడా ఖాతాలు ఉండే ఉంటాయి. మనుషులు వాళ్ళే, చోటు మారింది. కాబట్టి చోటు గురించే ఆలోచించాలి.

మొదటి తేడా డబ్బు. పెద్ద వేదికలకు ముఖ్యంగా ప్రకటనల మీద ఆదాయం వస్తుంది. మనం ఎంత ఎక్కువ సేపు చూస్తే అన్ని ప్రకటనలు చూపిస్తారు. అందుకని మనల్ని ఆపి ఉంచే దాన్నే కంప్యూటర్ ముందుకు తెస్తుంది. నవ్వు, కోపం, ఎగతాళి మనల్ని తొందరగా ఆపుతాయి. అవ్వ గురించి వంద మంది తిట్టుకుంటే ఆ యంత్రానికి అది బాగా నడిచిన వీడియో, అంతే. దానికి అవ్వ తెలీదు. వికీపీడియాలో ప్రకటనలు ఉండవు, చందాల మీద నడుస్తుంది. అక్కడ ఎవరినీ ఎక్కువ సేపు కూర్చోబెట్టాల్సిన పని లేదు.

రెండో తేడా ముఖం. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1990లలో ఒక మాట చెప్పాడు. ఒక మనిషి నిజంగా సంబంధం పెట్టుకోగలిగేది సుమారు 150 మందితోనే అని. ఇది కరెక్టా కాదా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ మా ఊరి కట్ట చూస్తే నాకు ఆయన మాట అర్థమవుతుంది. రేపు మళ్ళీ అదే మనిషి ముఖం చూడాలి అనుకుంటే నోటికి వచ్చినట్లు అనలేం. ఇరవై వేల మందిలో ఎవరూ రేపు మా అవ్వ ముఖం చూడరు.

మూడో తేడా పని. చిన్న గ్రూపులో అందరికీ ఒక పని ఉంది. వాళ్ళకు మాట కావాలి. కాబట్టి మాట చెప్పిన మనిషి విలువ తెలుస్తుంది. పక్షులు చూసేవాళ్ళకు కాకి కూడా లెక్కే. మామూలుగా మనం కాకిని చూడనైనా చూడం.

ఇంతవరకు రాసి, చిన్న గుంపే మంచిది అని వ్యాసం ముగిద్దామనుకున్నాను. మా సార్‌కు చూపిస్తే "ముర్కి సంగతి తెలుసా?" అని అడిగాడు.

ముర్కి మన కళ్యాణ కర్ణాటకలోనే, బీదర్ జిల్లాలో ఉన్న ఊరు. 2018 జూలై 13న హైదరాబాద్ దిక్కు నుంచి వచ్చిన కొందరు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారని వాట్సాప్‌లో మాట పుట్టింది. కారు కంటే ముందు ఆ మాట పోయింది. ముర్కి దగ్గర జనం వాళ్ళను ఆపి కొట్టారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేసే ఒకతను చనిపోయాడు. చాక్లెట్ ఇచ్చినందుకు ప్రాణం పోయింది. ఆ సంవత్సరం దేశంలో ఇట్లాంటి దాడులు చాలా జరిగాయి. అదే నెలలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టారు.

ఆ మాట నడిచింది పెద్ద అంగడిలో కాదు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకు పంపుకునే గ్రూపుల్లో. పంపింది మన మామ, మన దోస్తు అయితే మనం వెంటనే నమ్ముతాం. అంటే నేను గొప్పగా చెప్పిన ఆ "ముఖం తెలిసి ఉండడం" అక్కడ ఒక మనిషిని చంపడానికి పనికొచ్చింది. ఇది చదివిన రోజు నేను నా వ్యాసం చించేశాను.

అక్క గ్రూపులో కూడా ఒక తప్పు జరిగింది. అది కూడా చెప్పాలి. అవ్వ మాటల గురించి మాట్లాడేటప్పుడు ఒక అబ్బాయి, "కన్నడ కలిసిన మాటలు ఇక్కడ ఎందుకు? ఇది తెలుగు గ్రూపు కదా" అని రాశాడు. ఆ రాత్రే అడ్మిన్ వాన్ని తీసేశాడు. నాకు చాలా సంతోషమైంది, బాగా అయిందిలే అనుకున్నాను. కానీ అక్క, "వాడు అడిగింది మనకు నచ్చకపోవచ్చు. కానీ జవాబు చెప్పకుండా తోసేసినం. ఇప్పుడు వాడు జీవితాంతం అట్లనే అనుకుంటడు" అంది. చిన్న గుంపులో నచ్చనివాన్ని బయటికి పంపడం చాలా సులువు. అట్లా ఒక్కొక్కరిని పంపుతూ పోతే మిగిలేది మన మాటకు మనమే తలాడించే గుంపు. ఒకే కులం వాళ్ళ గ్రూపులు, ఒకే మతం వాళ్ళ గ్రూపులు ఉంటాయి కదా, వాటిలో తప్పును తప్పు అని చెప్పే మనిషి ఎక్కడి నుంచి వస్తాడు?

పెద్ద వేదికల మంచి కూడా ఉంది. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆక్సిజన్ కోసం, ఆసుపత్రిలో మంచం కోసం జనం ట్విట్టర్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగారు. ముఖం తెలియనివాళ్ళు ముఖం తెలియనివాళ్ళకు సాయం చేశారు. ఆ పని నలభై మంది గ్రూపు వల్ల కాదు. ఇంకో సంగతి, చిన్నవి ఎక్కువ రోజులు బతకకపోవచ్చు. కన్నడతో మొదలుపెట్టి తెలుగు, ఇంకా ఎన్నో భాషల్లో నడిచిన కూ అనే యాప్ 2020లో వచ్చి 2024 జూలైలో మూతపడింది. మన భాషలో మాట్లాడుకునే చోటు అని నమ్మి అక్కడ రాసినవాళ్ళు వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అయితే పెద్దవి కూడా ఎప్పటికీ ఉంటాయని కాదు. మన దేశంలో ఒకప్పుడు అందరూ వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది.

అంతే కాదు, ఈరోజు పెద్దది నిన్న చిన్నదే. ఫేస్‌బుక్ 2004లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు మాత్రమే మొదలైంది. 2006 సెప్టెంబర్‌లో పదమూడు ఏండ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు అన్నారు. కట్ట కాస్తా అంగడి అయింది. కాబట్టి చిన్నది, పెద్దది అనే లెక్కతో మంచి చెడు తేలదు.

మరి దేనితో తేలుతుంది? నాకు ఇప్పుడు ఇట్లా అనిపిస్తోంది. ఆ పెద్ద సార్ అడిగిన ప్రశ్న లాంటిది అడిగే మనిషి ఉన్న గుంపు మంచిది. "ఈ మాట ఎవరిది? నిజమేనా? వాళ్ళను అడిగావా?" వికీపీడియాలోకి ఎవరైనా రావచ్చు, తలుపు తీసే ఉంటుంది. కానీ ఏదైనా రాస్తే ఆధారం ఏది అని అడుగుతారు. ముర్కి దారిలోని గ్రూపుల్లో ఒక్కరైనా "నువ్వు కళ్ళతో చూసినవా?" అని అడిగి, మిగతావాళ్ళు ఆ మాట విని ఉంటే ఆ మనిషి ఇంటికి పోయేవాడేమో. చిన్న గుంపులో ఆ ప్రశ్న అడగడం సులువు, ఎందుకంటే మన మాట వినపడుతుంది. కానీ కష్టం కూడా, ఎందుకంటే అడిగితే మనవాళ్ళకే కోపం వస్తుంది. పెద్ద గుంపులో అడిగినా వినపడదు. కాబట్టి చిన్న గుంపులో ఉన్నవాళ్ళకు బాధ్యత ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం.

ఇది మన బడికి కూడా వర్తిస్తుంది. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు మారినప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. గీత గీసినా చుట్టరికాలు ఆగలేదు, మా అక్క గద్వాలలో చదువుతున్నది అందుకే. గీతకు ఇటు ఉన్న తెలుగువాళ్ళం అల్పసంఖ్యాకులం అయ్యాం. మన రాజ్యాంగం 30వ అధికరణంలో మతం వల్ల గానీ భాష వల్ల గానీ అల్పసంఖ్యాకులైనవాళ్ళు బడులు పెట్టుకోవచ్చు అని ఉంది. 350ఎ అధికరణం చిన్న పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలంటుంది. కన్నడ అనే పెద్ద ఊరిలో మన బడి ఒక చిన్న కట్ట. మన కట్ట మనకు కావాలి. కానీ కట్ట మీద కూర్చుని దారిన పోయేవాళ్ళను ఎగతాళి చేస్తే, మా అవ్వను నవ్విన ఆ ఇరవై వేల మందికీ మనకూ తేడా ఉండదు. కన్నడ కలిసిన తెలుగును మనం తక్కువ చేయకూడదు, తెలుగు కలిసిన కన్నడను వాళ్ళు తక్కువ చేయకూడదు.

చివరికి ఆ వీడియో మావాడితో తీయించేశాను. కానీ అప్పటికే ఎవరెవరో దాన్ని దించుకుని వాళ్ళ పేజీల్లో పెట్టుకున్నారు. అవి నా చేతిలో లేవు. అవ్వకు ఈ సంగతి కూడా చెప్పేశాను, దాచలేదు. చాలాసేపు ఊరుకుని, "పోనీలే, నాకు ముందే ఒక మాట అడిగుంటే తల దువ్వుకునేదాన్ని కదరా" అంది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఒక రోజు శ్రీకాకుళం అమ్మమ్మ బేగి అనే సంగతి చెప్పాను. "ఆమె కూడానా?" అని అవ్వ చాలాసార్లు అడిగింది. ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. అవ్వ చెప్పే మాటలు చేత్తో రాస్తాను. ఫోన్ ఇంకో గదిలో పెట్టి రమ్మంటుంది, పెట్టి వస్తాను. ఇప్పటికి అరవై రెండు మాటలయ్యాయి. ఏవి గ్రూపుకు పంపాలి, ఏవి వద్దు అనేది అవ్వనే చెబుతుంది. కొన్ని తిట్లు మాత్రం వద్దు అంది.

తోటి విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరి గురించి అయినా ఏదైనా పెట్టే ముందు, ఎవరికైనా పంపే ముందు వాళ్ళను అడుగుదాం, నిజమో కాదో కనుక్కుందాం. గుంపు పెద్దదైనా సరే, చిన్నదైనా సరే. ఆ గ్రూపు నుంచి తీసేసిన అబ్బాయిని మళ్ళీ చేర్చుకోమని అక్కను అడిగాను. అక్క అడ్మిన్‌కు చెప్పింది. వాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు. చేర్చుకుంటే వానికి జవాబు నేనే రాస్తాను.